పోతుందట

ముందు ఫోన్ ఇచ్చెయ్యాలి.

మాన్‌హట్టన్ కింది కొసన, పెర్ల్ స్ట్రీట్‌లో 500 నంబరు భవనం. డేనియల్ పాట్రిక్ మోయినిహన్ పేరు పెట్టిన ఫెడరల్ కోర్టు. స్కానర్ దాటగానే నీలం కోటు తొడుక్కున్న భద్రతా అధికారి చెయ్యి చాస్తాడు. మీ ఫోన్ ఆయన వెనకున్న అరలోకి వెళ్తుంది, మీ అరచేతిలోకి ఒక నంబరు బిళ్ళ వస్తుంది. ఒక్క క్షణం గుండె జారుతుంది. మీ కేసుకి ఊపిరి లాంటి వాక్యం ఆ ఫోన్‌లోనే ఉంది. ఒక శుక్రవారం సాయంత్రం 5 గంటల 12 నిమిషాలకి మీ ఆవిడకి పంపిన వాట్సాప్ మెసేజ్. మాట తెలుగు, అక్షరాలు ఇంగ్లిషు. మొత్తం ఆరు మాటలు.

ఫర్వాలేదు, ప్రింటు తీసిన కాగితం సంచిలో ఉంది. లిఫ్టు వైపు నడవండి.

మీకు 54 ఏళ్ళు. ఒకే కంపెనీలో 16 ఏళ్ళు డేటాబేసులు కనిపెట్టుకుని ఉన్నారు. అర్ధరాత్రి సర్వరు పడిపోతే లేచి కూర్చున్నది మీరే. సంక్రాంతికి తెనాలి వెళ్ళి, అత్తగారి డాబా మీద లాప్‌టాప్ పెట్టుకుని పనిచేసిందీ మీరే. రెండు మీటింగుల్లో మేనేజరు ‘టీమ్‌లోకి కుర్రరక్తం రావాలి’ అన్నాడు. కొన్నాళ్ళకి ఒక గురువారం నాలుగింటికి మిమ్మల్ని చిన్న గదిలోకి పిలిచారు. ఇరవై నిమిషాల్లో అంతా అయిపోయింది. చేతికి ఒక ఫోల్డరు ఇచ్చారు. పదహారు వారాల జీతం ఇస్తాం, ఇకమీదట కంపెనీ మీద ఏ దావా వెయ్యనని సంతకం పెట్టండి. మర్నాడు సాయంత్రం హెచ్ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. సోమవారం మీరు సంతకం పెట్టారు.

మీ కుర్చీలోకి 29 ఏళ్ళ కుర్రాడు వచ్చాడని తెలిశాక నిద్ర పట్టలేదు. సమాన ఉపాధి అవకాశాల కమిషన్‌కి ఫిర్యాదు చేశారు. వాళ్ళ నుంచి నోటీసు వచ్చిన 90 రోజుల్లోపు ఇక్కడ దావా వెయ్యాలి. లాయర్లు అడిగిన అడ్వాన్సు మీ దగ్గర లేదు. జర్నల్ స్క్వేర్‌లో పాత్ రైలెక్కి, వరల్డ్ ట్రేడ్ సెంటర్ దగ్గర దిగి, ఫోలీ స్క్వేర్ మీదుగా నడిచొచ్చి, 405 డాలర్ల ఫీజు కట్టి, కోర్టు వాళ్ళిచ్చిన ఫారం మీద మీ చేత్తోనే కంప్లెయింట్ నింపారు. లాయర్ లేకుండా తన కేసు తానే నడుపుకునేవాణ్ణి ఇక్కడ ‘ప్రో సే’ అంటారు. 40 ఏళ్ళు నిండిన ఉద్యోగి మీద వయసు కారణంగా వివక్ష చూపకూడదని 1967 నాటి చట్టం ఒకటుంది. దాని కింద మీ దావా. సంతకం పెట్టిన ఒప్పందం గురించి కంప్లెయింట్‌లో ఒక్క ముక్క రాయలేదు. ఎందుకు రాస్తారు? మీకు జరిగిన అన్యాయం కుర్చీ పోవడం. ఆ కాగితం కాదు.

తర్వాత ఒక లావుపాటి కవరు వచ్చింది.

దాన్ని మీరు విప్పిన తీరు నాకు కళ్ళకి కట్టినట్టుంది, ఎందుకంటే ఎవరైనా అలాగే విప్పుతారు. పైన కంపెనీ లాయర్ల మోషన్: ఈ దావాని కొట్టేయండి. దాని కింద పాతిక పేజీల వాదన. దాని కింద హెచ్ఆర్ అధికారి ప్రమాణపత్రం. ‘వాదికి 21 రోజుల గడువు ఉందని నేను స్పష్టంగా చెప్పాను, ఆయన తనంతట తానే నాలుగు రోజులకే సంతకం చేశారు’ అని. దానికి జతగా ‘ఎ’ అని గుర్తు వేసిన ఒప్పందం, చివర నీలం సిరాలో మీ సంతకం. ఆ సంతకం చూడగానే కడుపులో చెయ్యి పెట్టి తిప్పినట్టయింది. రాత్రి రెండింటిదాకా పాతిక పేజీలూ చదివారు. అన్నిటికన్నా అడుగున, అటక మీద పడేసిన సామాను లాగా, ఒకే ఒక్క కాగితం ఉంది. దాన్ని చూసి, ఇదేదో కోర్టు వాళ్ళ మామూలు తంతు అనుకుని పక్కన పెట్టేశారు.

కవరు మొత్తంలో మీ కోసం రాసింది ఆ ఒక్క కాగితమే.

న్యూయార్క్ దక్షిణ, తూర్పు ఫెడరల్ జిల్లా కోర్టుల స్థానిక నియమం 12.1 ప్రకారం పంపే హెచ్చరిక అది. సారం ఇది: ప్రతివాది మీ దావా కొట్టేయమంటూ కంప్లెయింట్‌లో లేని కాగితాలు కూడా జత చేశాడు. కోర్టు ఈ మోషన్‌ని సమ్మరీ జడ్జిమెంట్ మోషన్‌గా తీసుకునే అవకాశం ఉంది. అప్పుడు మీ కంప్లెయింట్‌లో రాసింది చాలదు. ప్రమాణం చేసిన వాంగ్మూలాలు, పత్రాలు మీరూ పెట్టాలి. సమయానికి పెట్టకపోతే విచారణ లేకుండానే మీ కేసు పోవచ్చు. అసలు కాగితంలో కొన్ని మాటలు పెద్దక్షరాల్లో ఉంటాయి, అయినా అడుగున ఉన్నది అడుగునే ఉండిపోతుంది. ఆ కాగితాన్ని కవరులో అన్నిటికన్నా పైన పెట్టాలని నేను గట్టిగా అంటాను. పైన ఉన్నది చదివి భయపడి, కింద ఉన్నది చూడక ఓడిపోయేవాళ్ళ కోసం అంటున్నాను.

మీ అదృష్టం, లాయర్ లేనివాళ్ళకి ఉచితంగా సలహా చెప్పే క్లినిక్‌కి వెళ్ళారు. అక్కడి లాయరమ్మ వయసులో చిన్నది. పాతిక పేజీలూ పక్కకి జరిపి, ఆ ఒక్క కాగితాన్ని బల్ల మధ్యలో పెట్టింది.

“ఇది చదివారా?”

“చూశాను. నేను చెప్పాల్సిందంతా కంప్లెయింట్‌లో చెప్పేశానండీ. మళ్ళీ అదే రాస్తాను.”

“అక్కడే చాలామంది కేసు పోతుంది” అంది. “కంప్లెయింట్ ఆరోపణ. సాక్ష్యం కాదు.”

ఆ రోజు ఆమె చెప్పిందాన్ని మన మాటల్లోకి మారిస్తే ఇలా ఉంటుంది. దావా కొట్టేయమనే మోషన్ అడిగేది ‘అయితే ఏంటి?’ అనే ప్రశ్న. నువ్వు చెప్పిందంతా నిజమే అనుకుందాం, అయినా చట్టం నీకు ఏం ఇవ్వాలి అని. అక్కడ జడ్జి మీ కాగితం ఒక్కటే చూస్తారు. అందులోని సంగతులు నిజమని అనుకుని, దావా నమ్మదగ్గదిగా నిలబడుతుందా అని మాత్రమే తూస్తారు. సమ్మరీ జడ్జిమెంట్ అడిగేది వేరే ప్రశ్న: ‘ఏదీ, చూపించు?’ ఇక్కడ ఊహ లేదు. ప్రమాణపత్రాలు, ఉత్తరాలు, వాంగ్మూలాలు బల్ల మీదకి రావాలి. కేసుని తేల్చే ఏ సంగతి మీదా నిజమైన తగవు లేదని తేలితే జ్యూరీ దాకా వెళ్ళకుండానే తీర్పు. మొదటి ప్రశ్నకి సిద్ధపడి వచ్చినవాణ్ణి హఠాత్తుగా రెండో ప్రశ్న అడిగితే ఏమవుతుంది? చేతులు ఖాళీగా ఉంటాయి. ఖాళీ చేతులనే జవాబుగా రాసుకుంటారు. పైగా మొదటి దశలో ఓడిపోతే చాలాసార్లు కంప్లెయింట్ దిద్దుకుని మళ్ళీ వచ్చే అవకాశం ఇస్తారు. రెండో దశలో ఓడిపోతే అది కేసు మంచిచెడ్డల మీద వచ్చిన తీర్పు. తలుపు మూసుకున్నట్టే.

ఒక ప్రశ్న ఇంకో ప్రశ్నగా మారే చోటుకి పేరు రూల్ 12(డి). ఫెడరల్ సివిల్ రూల్స్ 1938లో అమల్లోకి వచ్చినప్పుడు ఈ మాట లేదు. దావా కొట్టేయమనే మోషన్‌కి బయటి కాగితాలు తగిలించి తెస్తే, దాన్ని ‘మాట్లాడే మోషన్’ అనేవాళ్ళు. నోరు విప్పకూడని చోట నోరు విప్పింది కాబట్టి. దాన్ని ఏం చెయ్యాలో ఒక్కో కోర్టుది ఒక్కో దారి. 1946 సవరణ ఆ గొడవకి గట్టు వేసింది. బయటి కాగితాల్ని కోర్టు పక్కన పెట్టెయ్యాలి, లేదా మోషన్‌ని సమ్మరీ జడ్జిమెంట్‌గా మార్చాలి. మారిస్తే అందరికీ తమ దగ్గరున్నది పెట్టుకునే సరైన అవకాశం ఇవ్వాలి. 2007లో రూల్స్ భాష తిరగరాసినప్పుడు ఇది విడిగా 12(డి) అయింది. చిన్న నియమం. ‘సరైన అవకాశం’ అన్న రెండు మాటలే దాని బలం. 1972లో ఇండియానా సంక్షేమ సాయం మీద వచ్చిన కార్టర్ వర్సెస్ స్టాంటన్ కేసుని సుప్రీంకోర్టు వెనక్కి పంపడానికి ఒక కారణం అదే. కింది కోర్టు బయటి సంగతులు చూసింది, కానీ రెండు పక్షాలకీ ఆ అవకాశం దక్కిందో లేదో రికార్డులో కనబడలేదు.

లిఫ్టు ఆగింది. రండి.

కోర్టు హాలు మీరనుకున్న దానికంటే నిశ్శబ్దంగా ఉంది. ముదురు చెక్క గోడలు, జెండా, జడ్జి కుర్చీ వెనక గుండ్రటి ముద్ర. మీ బల్ల మీద నీళ్ళ కూజా, పేపరు గ్లాసులు. ఎదుటి బల్ల దగ్గర ఇద్దరు లాయర్లు, మధ్యలో చక్రాల పెట్టెలో ఫైళ్ళు. మీ బల్ల దగ్గర మీరొక్కరే. సంచిలోంచి కాగితాలు తీసి వరసగా పెట్టుకుంటారు. అందరూ లేచి నిలబడతారు, జడ్జి వస్తుంది, అందరూ కూర్చుంటారు. కోర్టు రిపోర్టరు వేళ్ళు మీటల మీద కదలడం మొదలుపెడతాయి.

జడ్జి ముందు కంపెనీ లాయర్ వైపు తిరుగుతుంది.

“ఈ ఒప్పందం మాట కంప్లెయింట్‌లో ఎక్కడుందో చూపించండి.”

“నేరుగా లేదు, యువరానర్. కానీ ఆయన ఉద్యోగం ముగిసిన తీరంతా దీనితో ముడిపడి ఉంది. కంప్లెయింట్‌లో అంతర్భాగమైన పత్రంగానే దీన్ని చూడాలి.”

ఆ మాట ఆయన ఊరికే అనలేదు. అక్కడ ఒక సన్నటి సందు ఉంది. కంప్లెయింట్‌కి జత చేసిన పత్రాన్ని, అందులో ప్రస్తావించిన పత్రాన్ని, వాది దావా మొత్తం ఏ పత్రం మీద నిలబడిందో దాన్ని, మోషన్‌ని మార్చకుండానే జడ్జి చూడొచ్చు. ఆ సందులోంచి మీ సంతకాన్ని లోపలికి జరిపెయ్యాలని ఆయన ప్రయత్నం. జరిగితే మీకు హెచ్చరిక ఉండదు, గడువు ఉండదు, మీ వాట్సాప్ మెసేజ్‌కి చోటూ ఉండదు.

“కంప్లెయింట్ రాసేటప్పుడు ఆయన ఈ ఒప్పందం మీద ఆధారపడ్డారా?” అంటుంది జడ్జి.

లాయర్ ఒక క్షణం ఆగుతాడు. “దాన్ని వదిలేసి రాశారు, యువరానర్.”

“వదిలేస్తే ఆధారపడ్డట్టు కాదు. ఆయన దావా వయసు వివక్ష మీద. ఒప్పందం మీ రక్షణ వాదం. మీ రక్షణని ఆయన తన కంప్లెయింట్‌లో రాసిపెట్టాల్సిన పని లేదు.”

మీరు ఊపిరి వదులుతారు. తొందరపడకండి.

“నా ముందు రెండు దారులున్నాయి” అంటూ ఆవిడ ఈసారి మీ వైపు తిరుగుతుంది. మాట నెమ్మదిస్తుంది. “ఈ ఒప్పందాన్ని, ఈ ప్రమాణపత్రాన్ని పక్కన పెట్టి, మీ కంప్లెయింట్ ఒక్కటే చూసి మోషన్ తేల్చవచ్చు. లేదా వీటిని చూస్తానని చెప్పి, ఈ మోషన్‌ని సమ్మరీ జడ్జిమెంట్‌గా మార్చవచ్చు. మారిస్తే మీరు కూడా సాక్ష్యం పెట్టాలి. పెట్టకపోతే మీ కేసు ఇక్కడితో ముగిసిపోవచ్చు. మీకు పంపిన నోటీసు చదివారా?”

“చదివాను.” గొంతు పొడిబారింది. “క్లినిక్‌లో చదివించారు.”

ఈ రెండు మూడు నిమిషాలు నాకు చాలా విలువైనవి. ఎదుటి బల్ల దగ్గరున్నవాళ్ళకి ఈ వివరణ అవసరం లేదు. ఇది ఒక్క మనిషి కోసం, ఆ మనిషికి అర్థమయ్యే భాషలో. 2009లో ఈ ప్రాంతపు అప్పీలు కోర్టు, రెండో సర్క్యూట్, లాయర్ లేని వాది కేసులో కింది కోర్టు తీర్పుని రద్దు చేసింది. మోషన్ మారబోతోందని, మారితే ఏమవుతుందో అతనికి స్పష్టంగా చెప్పలేదన్నది కారణం. జడ్జి గొంతులోని ఆ ఓపిక వెనక అలాంటి కేసులున్నాయి. ఎవరూ చెప్పక ఓడిపోయినవాళ్ళు ఉన్నారు.

మన దగ్గర తలుపు వేరే తీరుగా ఉంటుంది. మీ నాన్నగారి పొలం దావా గుర్తుందా? మన సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 7 రూల్ 11 కింద దావా తిరస్కరించమని ప్రతివాది అడిగితే, కోర్టు చూసేది దావా పత్రం, దానితో వాది పెట్టిన పత్రాలు. ప్రతివాది తెచ్చే కాగితాలకి ఆ దశలో చోటు లేదు. 2020లో దహిబెన్ కేసులో మన సుప్రీంకోర్టు ఈ సంగతి మళ్ళీ గట్టిగా చెప్పింది. సమ్మరీ జడ్జిమెంట్ అన్నది 2015 చట్టంతో వాణిజ్య కోర్టుల్లోకి ఆర్డర్ 13-ఎ గా విడిగా వచ్చింది. దానికి విడిగా దరఖాస్తు పెట్టుకోవాలి. ఒకటి ఇంకొకటిగా మారిపోయే ఈ వంతెన అమెరికా ఫెడరల్ కోర్టుల్లోది. వంతెన మీద హెచ్చరిక దీపం లేకపోతే మనుషులు పడిపోతారని వాళ్ళు అనుభవం మీద నేర్చుకున్నారు.

“ఈ ఒప్పందం గురించి మీరు చెప్పాలనుకున్నది ఏమైనా ఉందా?”

లాయరమ్మ రెండు సంగతులు చెప్పమంది. మొదటిది హెచ్ఆర్ నుంచి వచ్చిన ఫోన్ సంగతి. అది ప్రమాణపత్రంలో రాద్దురుగాని అంది. రెండోది ఇక్కడే చెప్పాలి.

“ఆ వారం మా విభాగంలో నేనొక్కణ్ణే కాదు, మేడమ్.” యువరానర్ అనడం మర్చిపోయారు. ఆవిడ పట్టించుకోలేదు.

“ఎంతమంది?”

“నాకు తెలిసి నలుగురం. ఇంకా ఉన్నారేమో. లిస్టు కంపెనీ దగ్గర ఉంటుంది, నా దగ్గర లేదు.”

ఎదుటి బల్ల దగ్గర కలం ఆగింది. ఎందుకు ఆగిందో చెప్తాను, కేసు మలుపు అక్కడే ఉంది. వయసు వివక్ష హక్కుని వదులుకుంటూ ఉద్యోగి పెట్టే సంతకం నిలవాలంటే 1990 నాటి చట్టం కొన్ని షరతులు పెట్టింది. అర్థమయ్యే భాషలో ఉండాలి. ఆ చట్టం కింది హక్కుల్ని వదులుకుంటున్నారని పేరు పెట్టి చెప్పాలి. లాయర్ని సంప్రదించమని రాతపూర్వకంగా చెప్పాలి. ఆలోచించుకోవడానికి కనీసం 21 రోజులు ఇవ్వాలి. సంతకం పెట్టాక మనసు మార్చుకోవడానికి 7 రోజులు. ఒక్కరిని కాక ఒక గుంపుని తీసేసే పథకం అయితే 21 రోజులు కాదు, 45. అప్పుడు తీసేసినవాళ్ళ హోదాలు, వయసులు, అదే విభాగంలో ఉంచుకున్నవాళ్ళ వయసులు కూడా కాగితం మీద ఇవ్వాలి. ఉద్యోగి గడువు కంటే ముందే సంతకం పెట్టొచ్చు. కానీ తనంతట తాను పెట్టాలి. గడువు తీరకముందే ఆఫర్ వెనక్కి తీసుకుంటామని కంపెనీ బెదిరిస్తే ఆ సంతకం చెల్లదు. ఇవన్నీ జరిగాయని నిరూపించాల్సిన భారం కంపెనీదే.

లూసియానాలో ఒక విద్యుత్ కేంద్రంలో షెడ్యూలరుగా పనిచేసిన ఉద్యోగినికి ఇలాగే ఒప్పందం ఇచ్చి 14 రోజులు గడువు పెట్టారు. ఆమె సంతకం పెట్టి, వాయిదాల్లో 6,258 డాలర్లు తీసుకుంది, తర్వాత దావా వేసింది. డబ్బు ఉంచుకున్నావు కాబట్టి ఒప్పందం ఒప్పుకున్నట్టే అని సమ్మరీ జడ్జిమెంట్‌తోనే ఆమెని ఓడించారు. 1998 జనవరిలో సుప్రీంకోర్టు ఆరుగురు ముగ్గురు లెక్కన ఆ తీర్పు తిప్పేసింది. చట్టం అడిగిన గడువులు ఇవ్వని సంతకం ఆ దావాని ఆపలేదంది. ఊబ్రే వర్సెస్ ఎంటర్జీ. లాయరమ్మ మీకు ఆ పేరు ఒక పసుపు కాగితం మీద రాసిచ్చింది, అది మీ చొక్కా జేబులో ఉంది.

“మోషన్‌ని రూల్ 12(డి) కింద మారుస్తున్నాను” అంటుంది జడ్జి. “ఒప్పందం చెల్లుతుందా లేదా అన్న ఒక్క ప్రశ్న వరకే. రాతపూర్వక ఉత్తర్వు ఇస్తాను. ఆ వారం ఆ విభాగం నుంచి తీసేసినవాళ్ళ వివరాలు, హోదాలు, వయసులు కంపెనీ వాదికి ఇవ్వాలి. వాదితో హెచ్ఆర్ జరిపిన ఫోన్ కాల్స్ రికార్డులు కూడా. 60 రోజులు. ఆ తర్వాత వాది తన ప్రమాణపత్రాలు దాఖలు చేస్తారు.”

మీకు సంతోషించాలో భయపడాలో తెలియదు. రెండూ సబబే. కంపెనీ కాగితం లోపలికి రావడానికి తలుపు తెరుచుకుంది. కానీ తలుపు ఒకరి కోసం తెరిచినా ఇద్దరికీ తెరిచినట్టే. పొద్దున్న సంచిలో ఏ విలువా లేకుండా కూర్చున్న ఆ ఆరు మాటలకి ఇప్పుడు లోపలికి దారి ఉంది.

ఆ రాత్రి భోజనాల బల్ల మీద కంచాలు తీసేసి కాగితాలు పరుచుకుంటారు.

“ఏవండీ, ఆ మెసేజ్ ఒక్కటీ సరిపోతుందా?” అంటుంది మీ ఆవిడ.

“అదొక్కటే చాలదంట. హెచ్ఆర్ ఆవిడ ఫోన్‌లో నాతో ఏమందో నేను ప్రమాణం చేసి రాయాలి. అదే అసలు. మెసేజ్ దానికి తోడు. దావా ఆలోచన పుట్టకముందే, ఆ సాయంత్రమే నీకు అదే మాట చెప్పానని చూపించడానికి.”

“అయితే నేనూ రాస్తాను. నాకు వచ్చింది కదా.”

ఆవిడా రాయొచ్చు. ఆ రాత్రి ఆవిడ రాసింది ఒకటిన్నర పేజీ.

మన దగ్గర అఫిడవిట్ అంటే స్టాంపు కాగితం, నోటరీ ముద్ర, బల్ల పక్కన నిలబడి ఎదురుచూడటం. ఇక్కడ 1976 నుంచి ఫెడరల్ చట్టంలో ఒక వెసులుబాటు ఉంది. చివర ఒక వాక్యం రాసి, తేదీ వేసి, సంతకం పెడితే చాలు: పైన చెప్పింది నిజమని, అబద్ధమైతే శిక్షకి లోబడతానని. నోటరీ అక్కర్లేదు. ఆ వాక్యమే ముద్ర. ఆ వాక్యం లేని ఉత్తరం ఎంత కన్నీళ్ళతో రాసినా సాక్ష్యంగా పనికిరాదు. లాయరమ్మ దాన్ని మీ చేత మూడుసార్లు చదివించింది.

మెసేజ్ తెలుగులో ఉంది కాబట్టి ఇంగ్లిషు అనువాదం కావాలి, అనువదించినవాళ్ళ ప్రమాణం కావాలి. ఫెడరల్ కోర్టులు పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇచ్చే దుబాసీలు ప్రస్తుతం స్పానిష్‌కి మాత్రమే ఉన్నారు. తెలుగుకి, తన అర్హత తాను చెప్పుకుని ప్రమాణం చేసే మనిషి కావాలి. ఎడిసన్‌లో కూతురి దగ్గర ఉంటున్న రిటైర్డ్ తెలుగు లెక్చరర్ ఒకావిడ ఒప్పుకున్నారు. ఆదివారం వాళ్ళింటికి వెళ్ళారు. ఆవిడ కళ్ళద్దాలు సర్దుకుని కాగితం చేతికి తీసుకున్నారు.

మండే లోపు సైన్ చెయ్యకపోతే ఆఫర్ పోతుందట.

ఆవిడ ఇంగ్లిషులో ఒక వరస రాశారు. సోమవారం లోపు సంతకం చెయ్యకపోతే ఆఫర్ పోతుంది అని. కలం మూత పెట్టబోయి ఆగారు.

“ఉండు నాయనా. ఇక్కడ ‘ట’ ఉందే.”

మీరు కాగితం వైపు వంగుతారు. వందసార్లు చూసిన మాట.

“వర్షం వస్తుంది అంటే నువ్వు మబ్బు చూసి అన్నావు. వర్షం వస్తుందట అంటే రేడియోలో విన్నావు, లేదా పక్కింటివాళ్ళు చెప్పారు. పోతుంది అని రాసుంటే అది నీ భయం అనుకోవచ్చు. పోతుందట అన్నావు. అంటే అప్పుడే ఎవరో నీతో ఆ మాట అన్నారు, నువ్వు మీ ఆవిడకి చేరవేస్తున్నావు. ఈ ‘ట’ ని వదిలేస్తే అది తప్పుడు అనువాదం అవుతుంది.”

ఆవిడ ఆ వరస కొట్టేసి కొత్తగా రాశారు. ఒక్క అక్షరానికి ఇంగ్లిషులో కొన్ని మాటలు ఖర్చయ్యాయి: ‘నాకు చెప్పినదాని ప్రకారం’ అని. కింద ప్రమాణపత్రంలో ఒక పేరా చేర్చారు. తెలుగులో క్రియకి చివర ఈ ప్రత్యయం చేరితే అది మాట్లాడేవాడు స్వయంగా తేల్చుకున్నది కాదని, వేరొకరి నుంచి విన్నదని అర్థం వస్తుందని, ఇది తెలుగు మాట్లాడే వాళ్ళందరూ రోజూ వాడే వ్యాకరణం అని. ఎన్ని సంవత్సరాలు పాఠం చెప్పారో, ఎక్కడ చెప్పారో రాశారు. సంతకం పెట్టారు. మీరు డబ్బు ఇవ్వబోతే తీసుకోలేదు. కాఫీ ఇచ్చారు.

మీరు ఆలోచించి వేసిన అక్షరం కాదది. ఆఫీసు బయట, చలిలో, ఒంటి చేత్తో టైపు చేస్తుంటే భాష దానంతట అది వేసింది. హెచ్ఆర్ అధికారి ప్రమాణం చేసి ఒకటి చెప్పింది, మీరు ప్రమాణం చేసి దానికి ఎదురు చెప్తున్నారు. రెండు ప్రమాణాలు ఎదురెదురుగా నిలబడినప్పుడు ఎవరిని నమ్మాలో ఈ దశలో జడ్జి తూచకూడదు, అది జ్యూరీ పని. తగవు నిజమైనదా, తేల్చే సంగతి మీదేనా అన్నది మాత్రమే ఆవిడ చూస్తుంది.

కంపెనీ లిస్టు యాభై ఎనిమిదో రోజు వచ్చింది. మీరు నలుగురనుకున్నారు. ఆరుగురు. ఐదుగురి వయసు 50 పైన. పేర్లు చదువుతుంటే ఒక పేరు దగ్గర ఆగిపోయారు. మీకు రోజూ మధ్యాహ్నం తన డబ్బాలోంచి నిమ్మకాయ పచ్చడి పెట్టినాయన. ఆయన దావా వెయ్యలేదు. కంపెనీ లాయర్లు తోడుగా ఉత్తరం పెట్టారు. ఇది పథకం కాదు, ఆరు వేర్వేరు నిర్ణయాలు, కాబట్టి 45 రోజుల నియమం వర్తించదని. వాళ్ళు అలా అంటారని లాయరమ్మ ముందే చెప్పింది. దాని మీదా మీ జవాబులో ఒక పేరా ఉంది. ఒకే వారం, ఒకే గది, ఒకే ఫోల్డరు.

గురువారం. మళ్ళీ పాత్ రైలు, మళ్ళీ ఫోలీ స్క్వేర్, మళ్ళీ స్కానర్, నంబరు బిళ్ళ. ప్రో సే వాళ్ళ కాగితాలు తీసుకునే కిటికీ దగ్గర మీ ముందు ముగ్గురున్నారు. ఒకామె చేతిరాత ఉన్న పేజీల్ని ఛాతీకి హత్తుకుని నిలబడింది. ఆమె కాగితాల అడుగున ఆ నోటీసు ఉందో లేదో అడగాలనిపిస్తుంది. మీ వంతు వచ్చేసింది. మీ ప్రమాణపత్రం, మీ ఆవిడది, అనువాదం, దాని ప్రమాణం, లిస్టు. గుమాస్తా ఒక్కొక్కటీ తిప్పి, చివరి వాక్యం కింద సంతకం, తేదీ ఉన్నాయో లేదో చూస్తాడు. ముద్ర పడుతుంది. మీ కాపీ మీద కూడా పడుతుంది.

కింద బిళ్ళ ఇచ్చి ఫోన్ తీసుకుంటారు. తెర వెలగగానే మీ ఆవిడ మెసేజ్ కనబడుతుంది.

తీసుకున్నారా? ఎప్పుడు తేలుస్తారట?

మీరు బయటికొచ్చి, గాలికి కాగితాలు ఎగరకుండా సంచిని మోకాళ్ళ మధ్య పెట్టుకుని, జవాబు టైపు చేస్తారు.